మొదటి గాలి

పది కొట్టగానే బొత్తాలమ్మ షాపు షట్టరు నడుం దాకా ఎత్తి, వంగి లోపలికి దూరి, దున్నపోతుని కొమ్ములు పట్టుకుని బయటికి లాగుతుంది. నలభై రోజులుగా ఇదే వరస.

దున్నపోతంటే సైకిలే. కాకపోతే దాని టైర్లు ఒక్కొక్కటీ మనిషి తొడంత లావు. మంచులో, బురదలో దిగబడకుండా పోవడానికని చేసిన సైకిలది. హైస్కూలు డ్రాయింగు మాస్టారు ముచ్చటపడి తెప్పించుకున్నారు. పెట్టెలో ముక్కలు ముక్కలుగా వచ్చిన దాన్ని బొత్తాలమ్మ మొగుడు ఒక పూటంతా కూర్చుని బిగించాడు. ఆయన సైకిలు మెకానిక్కు. వీధంతా ఆయన్ని పంచర్ల మావయ్య అంటారు. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని షాపుకొచ్చిన బొత్తాలమ్మ సైకిలుని చూసి ముక్కున వేలేసుకుంది.

"ఈ దున్నపోతుని ఎవడు తొక్కుతాడండీ?" అంది.

ఆయన నోట్లో రెండు నట్లు కరిచిపట్టుకుని వెనక చక్రానికి గాలి కొడుతున్నాడు. జవాబు చెప్పే వీల్లేక ముక్కుతో నవ్వాడు. ఆ వారంలోనే లాక్‌డౌన్ పడింది. మాస్టారు అక్కగారి ఊళ్లో చిక్కుకుపోయారు. వీధి వీధంతా తాళాలు వేసుకుంది. చలి ముదిరి మంచు పడింది. పంచర్ల మావయ్యకి జ్వరమొచ్చింది, తగ్గింది, పోతూ పోతూ ఆయన ఊపిరిని సగం పట్టుకుపోయింది.

ఆస్పత్రిలో మంచాల్లేవు. ఫోను చేస్తే, "మీ నంబరు ఏడమ్మా" అనేవారు. వారం తర్వాత చేస్తే ఆరయ్యేది. ఆ ఒక్క నంబరు ఎలా తగ్గిందో అడిగే ధైర్యం ఆమెకి లేకపోయేది.

వ్యాయామం పేరు చెప్పి పది నుంచి పన్నెండు దాకా ఇంటికొకరు బయటికి పోవచ్చని రూలు. బొత్తాలమ్మకి వ్యాయామమంటే రోజంతా కుట్టుమిషను పెడలు తొక్కడమే. చొక్కాలకి బొత్తాలు కుట్టీ కుట్టీ వచ్చిన పేరది. ఇప్పుడు బొత్తాలు లేవు, మాస్కులే. అలాంటి మనిషి నలభై అయిదో ఏట సైకిలెక్కి, మొదటి మూడు రోజులూ మోకాళ్లు చెక్కేసుకుని, నాలుగో రోజుకి ఊరు దాటింది. మాస్టారు ఫోనులోనే సరేనన్నారు. "తొక్కండమ్మా, ఊరికే నిలబెడితే టైర్లు పగుళ్లిస్తాయి. మొదటి గాలి మాత్రం నాకు ఉంచండి" అన్నారు.

మొదటి గాలంటే మెకానిక్కుల మర్యాద. కొత్త సైకిలుకి మొదటిసారి గాలి మెకానిక్కే తన చేత్తో కొట్టాలి. ఆ తర్వాత ఎవరెన్నిసార్లు తీసి కొట్టినా, ట్యూబు అడుగున ఆ గాలి పిడికెడు మిగిలే ఉంటుంది. వాల్వు నొక్కితే రాదు. ట్యూబుని బయటికి తీసి పడక చుట్టినట్టు చుడితే తప్ప రాదు. అది కొన్నవాడి సొత్తు, దాన్ని తియ్యడం దొంగతనం కింద లెక్క. ఇరవై ఏళ్లలో పంచర్ల మావయ్య ఒక్క సైకిలుకీ ఆ తప్పు చెయ్యలేదు.

ఊళ్లోంచి వెళ్లే దారి బొత్తాలమ్మకి కళ్లు మూసుకున్నా తెలుసు. మంగలి షాపు అద్దం మీద దుమ్ము, కిరాణా కొట్టు ముందు సుద్దతో గీసిన సున్నాలు, సున్నాల్లో నిలబడే మనుషుల్లేక వాటిల్లో కూర్చున్న కుక్కలు. ఊరి చివర అడ్డకర్ర దగ్గర కుర్ర కానిస్టేబులు టైము రాసుకునేవాడు. "పన్నెండు లోపల అక్కా, దాటితే స్కూలు హాల్లో పద్నాలుగు రోజులు" అని రోజూ చెప్పేవాడు. "తెలుసు తమ్ముడూ" అని ఆమె రోజూ అనేది. తర్వాత వంతెన, క్యాబేజీ పొలాలు, చల్లారిన ఇటుకబట్టీ, పాల ట్రాక్టరు తొక్కి గట్టిపరిచిన మంచు బాట, బాట చివర దేవదారు చెట్ల కొండ.

బయల్దేరేటప్పుడు టైర్లలో కొట్టుకున్న వీధి గాలిని కొండ మీద వదిలేసేది. కాసేపు అక్కడంతా బ్లీచింగ్ వాసన కొట్టి, మూసిన షట్టర్ల నిశ్శబ్దం కమ్ముకునేది. అది చెదిరాక చెట్టు కింద నిలబడి, వెనక కట్టుకొచ్చిన పంపుతో చక్రానికి రెండొందల పోట్లు కొట్టి, టైర్లు రాయల్లే అయ్యాక తిరుగుముఖం పట్టేది.

ఇంటి కింద రెండు చక్రాలూ విప్పి చెరో భుజానికీ తగిలించుకుని మేడ మెట్లెక్కేది. మంచం పక్కన చక్రం ఆనించి, సూదితో వాల్వు పిన్ను నొక్కేది. గాలి బుస్సుమని బయటికొచ్చేది, గది కొండయ్యేది. దేవదారు జిగురు వాసన, ఆకుల మధ్య గాలి హోరు, ఎక్కడో వడ్రంగిపిట్ట టకటకా. ఆయన మూసుకుపోయిన ఛాతీ మెల్లిగా తెరుచుకునేది. మర్నాటి దాకా ఫరవాలేదు.

గాలి ఎక్కడ కొడితే అక్కడిదే కదా. రోజులు బాగున్నప్పుడు లారీవాళ్లు సముద్రం దాకా వెళ్లొచ్చి, ఇంటి ముందు ఒక టైరు వదిలి పిల్లలకి అలలు వినిపించేవారు. మామూలు సైకిలు ట్యూబులో రెండు గుక్కల గాలి పడుతుంది. దున్నపోతు టైర్లలో ఒక రోజు పడుతుంది. అందుకే ఈ తిప్పలన్నీ.

కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు పిన్నిగారికి మాత్రం ఒక ఫిర్యాదు ఉండేది.

"అమ్మాయ్, మీ వడ్రంగిపిట్ట నన్ను మధ్యాహ్నం కునుకు తియ్యనివ్వడం లేదే. రేపు ఇంకో చెట్టు కింద కొట్టుకోరాదూ?"

"అలాగే పిన్నిగారూ."

"ఎలాగూ మా గుమ్మం ముందు నుంచే పోతావు, కాస్త ఇక్కడ వదిలి వెళ్లు. ఆరేసిన బట్టలకి వాసన పడుతుంది."

"ఆయనకి చాలదు పిన్నిగారూ."

పిన్నిగారు ఆమె మొహం చూసి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఊపిరి ఆడగానే ఆయన మొట్టమొదట చేసే పని తిట్టడం. చక్రం మీద బొటనవేలు నొక్కి చూసేవాడు. "మంచులోకి ఇంత గాలేమిటే? నా షాపుకొచ్చిన ప్రతివాడికీ ఇదే చెప్పి చస్తాను. బొటనవేలు దిగాలి. గట్టి టైరు మంచుని కోసేస్తుంది, కోస్తే మునుగుతుంది. పంచర్ల మావయ్య పెళ్లాం గాలి కొట్టడం చూస్తే ఊరు నవ్వుతుంది."

"ఊళ్లో ఎవరున్నారండీ నవ్వడానికి?" అనేది ఆమె. ఆయన తిడుతున్నాడంటే బతికున్నాడని ఆమెకి లోలోపల పండగ్గా ఉండేది.

నలభయ్యో రోజున మంచు తుఫాను వచ్చింది. అడ్డకర్ర దించేశారు, ఎవర్నీ బయటికి పోనివ్వలేదు. ఆయన ఆ రోజంతా పాత గాలి అడుగు బొడుగుతో నెట్టుకొచ్చాడు. మర్నాడు పొద్దున ఆయన పెదాలు నేరేడు రంగుకి తిరిగి ఉన్నాయి. తిట్టడానికి కూడా ఓపిక లేక ఆమె వైపు చూస్తూ ఉండిపోయాడు. పది కొట్టగానే బొత్తాలమ్మ షట్టరెత్తింది.

పోవడం పోవడం హాయిగా పోయింది. టైర్లలో వీధి గాలి కొంచెమే ఉండటంతో దున్నపోతు కొత్త మంచు మీద పడవలా తేలిపోయింది. కొండెక్కి, నిన్నటిది కూడా కలుపుకుని చక్రానికి మూడొందల పోట్లు కొట్టింది. చేతులు పట్టేశాయి, చెవుల్లో గుండె కొట్టుకుంది. బొటనవేలు కాదు కదా సుత్తి దిగనంత గట్టిగా అయ్యాయి టైర్లు. సైకిలెక్కి కొండ దిగి, పొలాల మొదట్లోకి వచ్చిందో లేదో ముందు చక్రం ఇరుసు దాకా మంచులోకి దిగిపోయి, ఆమె హ్యాండిలు మీద నుంచి వెళ్లి బొక్కబోర్లా పడింది.

లేచి చూసింది. బాట లేదు. కనుచూపు మేర తెల్లగా, ఎవరూ తొక్కని మంచు. మొన్నటి నుంచి పాలు రావడం లేదు. పాల ట్రాక్టరు బాబాయికీ జ్వరమొచ్చిందని పిన్నిగారు చెప్పింది కూడా. పాలు రాకపోవడానికీ, బాట లేకపోవడానికీ ఉన్న చుట్టరికం ఆమెకి ఇప్పుడు తట్టింది. వచ్చేటప్పుడు మెత్తటి టైర్లు ఆ లోటు తెలియనివ్వలేదు.

సైకిలు లేపి నెట్టింది. పది అడుగులకి మోకాళ్ల దాకా దిగబడింది. చక్రాలు విప్పి మోద్దామనుకుంది. రెండు చక్రాలతో ఆ మంచులో వంతెన చేరడానికే మధ్యాహ్నం దాటుతుంది. మళ్లీ ఎక్కి తొక్కింది, మళ్లీ పడింది. గడియారం చూస్తే పదకొండూ ఇరవై. పన్నెండు దాటితే స్కూలు హాలు, పద్నాలుగు రోజులు. ఆయనకి పద్నాలుగు గంటలు లేవు.

చెయ్యాల్సిందేమిటో ఆమెకి తెలుసు. నలభై రోజులుగా మంచంలోంచి ఆయన చెబుతున్నదే. గాలి తియ్యాలి. తీస్తే సైకిలు తేలుతుంది, తాను ఇల్లు చేరుతుంది, చేరి ఆయనకి ఇవ్వడానికేమీ ఉండదు. తియ్యకపోతే టైర్ల నిండా ఆయన ప్రాణం పెట్టుకుని ఈ పొలంలోనే ఉండిపోతుంది.

"నేనేం పాపం చేశానే నీకు!" అని దున్నపోతుని చేత్తో కొట్టి, దాని జీను మీద తల పెట్టుకుని ఏడ్చింది. చుట్టుపక్కల వినేవాళ్లు లేరు కాబట్టి నోరారా ఏడ్చింది. ఏడుపు అయ్యాక కూడా పదకొండూ ఇరవై అయిదే అయింది.

వంగి ముందు చక్రం వాల్వు నొక్కింది. బుస్సుమంటూ గాలి పోయింది. చెట్టన్నది లేని ఆ తెల్లటి పొలంలో దేవదారు వాసన గుప్పుమంది. వడ్రంగిపిట్ట టకటకలాడింది. ఎటో పోతున్న కాకి ఒకటి ఆగి, చెట్టు కోసం వెతుక్కుంటూ రెండు చుట్లు తిరిగింది. బొత్తాలమ్మ ఊపిరి బిగబట్టుకుంది. ఆ గాలి ఆయనది, అందులోంచి ఒక్క గుక్క కూడా తాను తీసుకోకూడదని ఆమె పట్టుదల. మొహం ఎర్రబడి, కళ్లు తిరిగే దాకా బిగబట్టి, బొటనవేలు దిగింది అనిపించాక వదిలింది. వెనక చక్రానికీ అంతే. ఆయన మధ్యాహ్నం, ఆయన సాయంత్రం, ఆయన రేపటి పొద్దు అన్నీ క్యాబేజీ మడుల మీదుగా పోతుంటే చూస్తూ నిలబడింది.

తర్వాత తొక్కింది. ఎలా తొక్కిందో ఆమెకి గుర్తులేదు.

అడ్డకర్ర దగ్గరికి వచ్చేసరికి పన్నెండూ మూడు. కానిస్టేబులు పుస్తకం తెరిచి, ఆమె మొహం చూశాడు. మెత్తబడిన టైర్లు చూశాడు. నలభై రోజులుగా అవి రాయల్లే తిరిగిరావడం అతను చూస్తూనే ఉన్నాడు.

"నా వాచీ నాలుగు నిమిషాలు ముందు నడుస్తోంది అక్కా" అని, పదకొండూ యాభై తొమ్మిది అని రాసి కర్ర ఎత్తాడు.

గదిలో ముందు చక్రం వాల్వు నొక్కింది. కాస్త కొండ వచ్చింది. పిట్ట నాలుగుసార్లు కొట్టి ఆగిపోయింది. వెనక చక్రానిదీ నొక్కింది. ఇంకాస్త. ఆయన దాన్ని ఆబగా పీల్చుకున్నాడు, ఒంటిగంటకల్లా అయిపోయింది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, లోపలికి మాత్రం ఏమీ పోవడం లేదు.

ఫోను చేసింది. "మీ నంబరు వచ్చిందమ్మా" అంది అవతలి గొంతు. "ఆరింటికి మంచం ఖాళీ అవుతుంది. ఆరింటికి బండి పంపుతాం. అప్పటిదాకా చూసుకోండి."

ఎలా చూసుకోవాలో ఆ గొంతు చెప్పలేదు. గోడ మీద గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. బొత్తాలమ్మ గదిలో అటూ ఇటూ తిరిగింది, కిటికీ తెరిచింది, మూసింది. దిక్కుతోచక మంచం అంచున కూలబడితే ఖాళీ చక్రం మోకాలికి తగిలింది. దాన్ని చూసి లేచి, కిందికెళ్లి షాపులోంచి టైరు లివర్లు రెండు పట్టుకొచ్చింది.

వాటిని చూడగానే ఆయనకి అర్థమైంది. తల అడ్డంగా ఊపాడు.

"వద్దే" అన్నాడు, ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి ఖర్చుపెడుతూ. "మొదటి... గాలి. మాస్టారిది."

"మాస్టారికి నేను చెప్పుకుంటాను."

"ఇరవై... ఏళ్లు..."

"ఆ ఇరవై ఏళ్లూ నేనూ ఉన్నానండీ! మీ మర్యాద నాకూ తెలుసు!" అని ఆమె అరిచింది. పెళ్లయ్యాక ఆయన మీద అరవడం అదే మొదలు. "మీరు పోయాక ఆ మర్యాదని నేనేం చేసుకోను? బొత్తం పెట్టి కుట్టుకోనా?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆమె లివరు దూర్చి టైరు అంచు లేపింది. గోళ్లు విరిగాయి. ముందు చక్రం ట్యూబుని మొత్తం బయటికి లాగి, నేల మీద పరిచి, ఒక కొస నుంచి చుట్టడం మొదలుపెట్టింది. మోకాలితో అదిమి, చుట్టి, మళ్లీ అదిమి. ఏమీ రాలేదు. మెలిపెట్టింది. చివరి మడత దగ్గర వాల్వు సన్నగా గుసగుసలాడింది.

ముందు గ్రీజు వాసన వచ్చింది. తర్వాత రబ్బరు సొల్యూషను, వానకి తడిసిన గోనెపట్టా. ఆ తర్వాత వీధి. వీధంటే మూతపడకముందు వీధి. బెల్లులు, హారన్లు, స్కూలు వదిలిన పిల్లల గోల, ఎవరో ఎవర్నో బండి తియ్యమని తిట్టడం, మంగలి షాపు రేడియో. ఆ గోల మధ్య ఒక మనిషి ఊపిరి, పంపు పోటుకొకటి చొప్పున, గట్టిగా, నిండుగా. ఒంట్లో ఏ రోగమూ లేని ఊపిరి. ఆయనదే.

మంచం మీది ఆయన దాన్ని అందుకున్నాడు. రెండు గుక్కలు తప్పిపోయి, మూడో గుక్క దగ్గర ఈ ఊపిరీ ఆ ఊపిరీ కలిశాయి. పెదాల మీది నేరేడు రంగు విరిగింది. కింద నుంచి పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి, "ఎంతకాలమైందే ఈ రొద విని!" అంటూ కొంగుతో కళ్లొత్తుకుంది.

పిడికెడు గాలి నాలుగున్నర దాకా వచ్చింది. వీధి పలచబడి, బెల్లులు దూరమై, ఆయన ఛాతీ మళ్లీ ఎగరడం మొదలుపెట్టగానే బొత్తాలమ్మ వెనక చక్రం విప్పింది. ఇదే చివరిది. గాలి వచ్చేదాకా మడత వదల్లేదు.

మళ్లీ గ్రీజు, మళ్లీ వీధి, పంపు పోట్లు. అన్నం డబ్బా కింద పెట్టిన చప్పుడు. ఆ వెంటనే గది మధ్యలోంచి, ఏ దిగులూ లేని ఒక ఆడమనిషి గొంతు:

"ఈ దున్నపోతుని ఎవడు తొక్కుతాడండీ?"

బొత్తాలమ్మ తన గొంతు తానే విని బిత్తరపోయింది. ఇంత హాయిగా మాట్లాడేదా తను? గాలిలోని ఆయన ముక్కుతో నవ్వాడు, నట్లు నోట్లో ఉన్నాయి కదా. ఆ నవ్వు మంచం మీది ఆయన లోపలికి వెళ్లింది. ఛాతీ ఒక్కసారి పైకి లేచి, నిలిచి, నెమ్మదిగా దిగింది. మళ్లీ లేచింది. కళ్లు తెరవకుండానే ఆయన అన్నాడు:

"నువ్వేనే. ఇంకెవరు తొక్కుతారు?"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, ఇంకేమీ అడక్కుండా ఆరింటి దాకా కూర్చుంది.

బండివాళ్లు ఆరు దాటి పది నిమిషాలకి వచ్చారు. ఒళ్లంతా కప్పుకున్న మనిషి ఒకడు ఛాతీ మీద గొట్టం ఆనించి విన్నాడు. "ఊపిరి బలహీనంగా ఉంది, కానీ ఉంది" అని, ఇంకా విని, "సైకిలు బెల్లు కూడా వినిపిస్తోంది" అన్నాడు. రెండూ కాగితం మీద రాసుకున్నాడు. ఆమెని వెంట రానివ్వలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయాక బొత్తాలమ్మ ట్యూబులు రెండూ టైర్లలోకి ఎక్కించి, పంపు తెచ్చి, గదిలో ఆయన అన్న మాట ఇంకా చెదరకముందే గాలి కొట్టింది. ఇది మెకానిక్కు కొట్టిన గాలి కాదు, మాస్టారు ఒప్పుకుంటారో లేదో తెలియదు. కొట్టి, బొటనవేలితో నొక్కి చూసి, కాస్త తగ్గించి, వాల్వు మూత బిగించింది.

పద్దెనిమిదో రోజు పొద్దున, మాస్కు కుడుతుంటే ఫోను మోగింది. ఎత్తింది. అవతల ఎవరూ మాట్లాడలేదు. దూరంగా మంగలి షాపు రేడియో, పిల్లల గోల వినిపించాయి. బయట వీధి ఇంకా మూసే ఉంది. ఆమె ఫోనుని చెవికి అదుముకుంది.

"ఇంటికి పొమ్మంటున్నారు" అన్నాడాయన. "బండ్లు లేవట. టైర్లలో గాలెంతుంది?"

"బొటనవేలు దిగేంత" అంది బొత్తాలమ్మ.

"అయితే వచ్చెయ్" అన్నాడు. "మంచు మెత్తగా ఉంది."